వీరశిలయు వీరపతకమును: ఒక విమర్శ

ధర్మపురి జిల్లాలో తుంబలహళ్లి యను పల్లె కలదు. ఆ పేరు వినగానే తెలుగువారికి తుమ్మిపూవు తలపునకు వచ్చును. మనము తుమ్మి యనుదానిని తమిళులు తుంబై యనియు, కన్నడిగులు తుంబె యనియు అందురు. ‘హళ్లి’ కన్నడమున పల్లెకు పేరు. తమిళనాట నుండి, కన్నడపు పేరు దాల్చి, తెలుగు మాటాడు కుటుంబములను కూడ తనలో ఇముడ్చుకొన్న సీమ యిది. ఒక చిన్నపూవు పేరు మూడు భాషలలోను ఇంత దగ్గరగా వినబడుట ఈ సీమకు తగినదే.

తొల్కాప్పియమను ప్రాచీన తమిళ లక్షణగ్రంథము యుద్ధభేదములకు పూవుల పేళ్లు పెట్టినది. పశువులను పట్టుటకై పోవు పోరు వెట్చి. ఇరుపక్షములును ఎదురెదురుగా నిలిచి బలాబలములు తేల్చుకొను పోరు తుంబై. ఆ పోరునకు పోవు యోధులు తుమ్మిపూలు ధరింతురట. పొలముగట్లపై ఎవరును నాటకయే మొలచు ఆ తెల్లపూవు, అటువంటి దినమున వీరచిహ్న మగుచుండెను. తుంబలహళ్లి పేరునకు ఆ వీరపుష్పమే మూలమని చెప్పుటకు నేను సాహసింపను. పేళ్ల పోలిక ప్రమాణము కాదు. కాని ఆ పేరు నన్నొక ప్రశ్న వైపునకు నడిపినది. వీరుని వీరుడని లోకమునకు తెలుపు గుర్తు ఎట్లుండవలెను? పూవు వాడిపోవును. రాయి నిలుచును. లోహము చేతులు మారును. ఈ మూడింటిలో వీరునికి న్యాయము చేసిన దేది?

నేడు ప్రదర్శనశాలలలో అద్దపుపెట్టెల వెనుక సైనికుల పతకములు భద్రపరుపబడి యున్నవి. వానిని చూచి గర్వింతుము, ముందుకు సాగుదుము. ఆ గర్వమునకు ఆధార మెంత యని విచారించువారు అరుదు. ఒక కావ్యమును చదివినట్లే ఒక పతకమును కూడ చదువవచ్చును. అందేమి చెప్పబడినది, ఏమి విడిచిపెట్టబడినది, ఎవరు ఎవరికొరకు చెప్పిరి అని అడుగవచ్చును. ఈ వ్యాసమున నేను చేయదలచిన పని అదియే.

కొలమానము

విమర్శకు ముందు కొలమాన మొకటి కావలెను. ప్రాణమునకు తెగించి పోరినవానికి సంఘము చెల్లింపవలసిన ఋణము మూడు విధములని నా తలంపు. మొదటిది పేరు: వాడెవడో తెలియవలెను. రెండవది పని: వాడేమి చేసెనో తెలియవలెను. మూడవది కూడు: వానికో, వాని వెనుక మిగిలినవారికో బ్రతుకుతెరువు చూపవలెను. పేరు లేని గౌరవము అలంకారమాత్రము. పని చెప్పని గౌరవము వట్టి స్తుతి. కూడు పెట్టని గౌరవము వీరుని ఇంటివారి కడుపు నింపదు. ఈ మూడు కొలతలతో మన సీమలోని రాళ్లను, దూరదేశములందలి పతకములను కొలిచి చూతము.

రాతి సాక్ష్యము

ధర్మపురి పూర్వనామము తగడూరు. సంఘకాలమున అతియమానులు దీని నేలిరి. తరువాత పల్లవులు, గాంగులు, నొళంబులు, చోళులు ఈ దారులవెంట సేనలను నడపిరి. నొళంబుల రాజధాని హేమావతి తెలుగునాట పూర్వపు అనంతపురము జిల్లాలోనిది. ఆ వంశపు మహేంద్రుని శాసనములు ధర్మపురిలో కలవు. ఇన్ని సేనలు నడచిన నేల గనుకనే ఇచ్చట వీరశిలలు విస్తారముగా దొరకుచున్నవి. మనము వీరగల్లు లనువానిని తమిళులు నడుకల్ లందురు. ధర్మపురిలోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో అట్టి శిలలు పెక్కు చేర్చియుంచిరి. ఊళ్లలో మిగిలినవానిని జనులు వేడియప్పన్ అను పేర దైవముగా కొలుచుచున్నారు. చదువరాని లిపి అరిగిపోయినను, కొలుపు ఆగలేదు.

రాయి నాటుట యన్నది ఆ కాలమున యథేచ్ఛగా జరిగిన పని కాదు. తొల్కాప్పియము అందు ఆరు మెట్లు చెప్పినది: తగిన రాతిని చూచుట, దానిని కైకొనుట, నీట నుంచుట, నాటుట, పెద్దగా నివేదన మిడుట, కడపట కీర్తించుట. ఒక సామాన్యుని మరణమునకు ఊరంతయు కలిసి ఇన్ని దినములు వెచ్చించె నన్నమాట. రాతిపై సాధారణముగా రాజు పేరు, పాలనా సంవత్సరము, వీరుని ఊరు, వాని పేరు, వాడు చనిపోయిన కారణము ఉండును. పశువులను మరలించుచు పడినాడనియో, పులితో పోరి పడినాడనియో స్పష్టముగా చెప్పబడును.

ఇందుకు ఒక ఉదాహరణము చాలును. నేటి తిరువణ్ణామలై జిల్లాలో ఎడుత్తనూరను గ్రామమున పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరశిల యొకటి కలదు. ఏడవ శతాబ్ది నాటిది. అందొక వీరునితోపాటు వాని కుక్క కూడ చెక్కబడినది. దాని పేరు కోవివన్. యజమానుడు పడిన తరువాత అది దొంగల నిద్దరిని కరచి నిలిచినదని శాసనము చెప్పుచున్నది. పదునాలుగు వందల యేండ్లనాటి కుక్క పేరు నేటికిని మనకు తెలియును. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. మరల దీని అవసరము కలుగును.

బెంగుళూరులోని రెండు శిలలు

ధర్మపురికి అనతిదూరమున బెంగుళూరు ప్రభుత్వ ప్రదర్శనశాల కలదు. అందు రెండు కన్నడ వీరశిలలు భద్రపరుపబడినవి. రెండింటి శాసనములను ఫ్లీట్ పండితుడు పరిష్కరించి ప్రకటించినాడు. మన ప్రశ్నకు ఈ రెండును ముఖ్యములు.

మొదటిది బేగూరు శిల. గాంగరాజగు ఎఱెయప్ప కాలము నాటిది. అయ్యపదేవునికి సాయముగా ఎఱెయప్ప పంపిన సేనతో నాగత్తరుడు వెడలి, వీరమహేంద్రునితో తుంబెపాడి యొద్ద పోరి, ఏనుగుల తాకిడిలో పడెను. ఈ మాట విని రాజు మెచ్చి, ఇరుగుడను వానికి నాగత్తర పట్టమును కట్టి, బెంపూరు పన్నెండు గ్రామములను ఇచ్చెను. బెంపూరే నేటి బేగూరు. శాసనము గ్రామముల పేళ్లను వరుసగా చెప్పినది. శిలపై ఏనుగులు, గుఱ్ఱములు, కాల్బలము, నేలకూలినవారు కిక్కిరిసి యున్నారు. పేరు కలదు, పని కలదు, కూడు కలదు. మన కొలమానమునకు మూడును సరిపోయినవి.

ఇందలి తుంబెపాడియే మన తుంబలహళ్లి యని ఎవరైన ఉబలాటపడవచ్చును. నేనును మొదట ఉబలాటపడితిని. కాని తుంబె శబ్దముతో ప్రారంభమగు ఊరిపేళ్లు దక్షిణదేశమున అరుదు కావు. వీరమహేంద్రుని గుర్తించుటలోనే పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. వాడెవడో తేలనిదే వాని యుద్ధభూమిని మన పెరటిలోనికి లాగుకొనుట చరిత్ర కాదు. స్థలాభిమానము పరిశోధకునికి తోడు రావచ్చునే గాని దారి చూపరాదు.

రెండవది ఆతకూరు శిల. శకవర్షము 872 నాటిది, అనగా క్రీ. శ. 949-50. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు తక్కోలము యుద్ధమున చోళులను గెలిచెను. ఆ పోరున చోళరాజగు రాజాదిత్యుడు గాంగ బూతుగుని చేత హతుడయ్యెను. బూతుగుని కొలువులోని మణలేరుడు ఆ యుద్ధమున మిక్కిలి శౌర్యము చూపగా, ప్రభువు మెచ్చి కోరిన వర మిత్తునన్నాడు. వాడు కోరినది కాళి యను వేటకుక్కను. తరువాత ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరగా రెండును చచ్చినవి. మణలేరుడు దానికొక శిల నాటించి, ఆ శిల పూజకు భూమి నిచ్చి, పూజ చేయక భుజించు అర్చకునికి పాపమని వ్రాయించెను. శిలపై కుక్కయు పందియు పెనగులాడుచున్న దృశ్యము కలదు. ఆ శాసనమందే బూతుగుడు మణలేరునికి ఆతకూరు పన్నెండును దానమిచ్చినట్లు కూడ ఉన్నది. దానిని ‘బాళ్గళ్చు’ అనిరి. అనగా కత్తి కడిగిన కానుక. నెత్తురంటిన కత్తిని కడుగుటయే ఆ దానమునకు గుర్తు.

మరణించిన వీరునికే శిల యన్న నియమమునకు ఈ శిల ఒక అపవాదము. బ్రతికియున్న వీరుని శౌర్యము ఇందు రాతికెక్కినది. బహుమానముగా పొందిన కుక్కయే మరల వీరశిలకు పాత్రమైనది. మణలేరుని హృదయము ఈ కోరికయందు తెలియుచున్నది. వానికి భూమి కంటె ముందుగా కావలసినది వేటలో తోడుండు ప్రాణి. సన్మానమున వీరుని కోరికకు చోటిచ్చిన ఇట్టి ఉదంతము నాకు మిక్కిలి హృద్యముగా తోచినది.

శ్రీరంగపట్టణ పతకము

ఇక లోహము వైపునకు పోదము. 1792 సంధిచే బారామహలు, అనగా నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతము, టిప్పు సుల్తాను నుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినది. రీడ్, మన్రో లిచ్చట శిస్తు నిర్ణయించిరి. ఈ మన్రోయే తరువాత మన దత్తమండలములకు కలెక్టరై తెలుగువారికి సుపరిచితు డయ్యెను. 1799లో జనరల్ హారిస్ సేన వేలూరు నుండి ఆంబూరు మీదుగా వచ్చి, మార్చి నెలలో రాయకోట దాటి మైసూరు సీమలో ప్రవేశించినది. నిజాము సేనలును కూడ వచ్చినవి. మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడినది. టిప్పు పోరుచు మరణించెను.

ఈ విజయమునకు కంపెనీవారొక పతకము చేయించిరి. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున, మాథ్యూ బౌల్టన్ గారి సోహో టంకశాలలో, కూక్లర్ అను శిల్పి దీనికి అచ్చు చెక్కెను. వ్యాసము 48 మిల్లీమీటర్లు. ఒకవైపు సింహము పులిని క్రిందపడవైచి అణచుచున్నది. పైన ధ్వజముపై అరబ్బీలో దైవసింహమే విజయి యను అర్థము గల మాటలు, క్రింద తేదీ. రెండవవైపు కోటగోడ గండివద్ద సైనికులు ఎగబ్రాకుచున్న దృశ్యము, నడినెత్తిన సూర్యుడు, క్రింద పారసీకమున కోట పేరు, హిజరీ తేదీ. 1808లో వీనిని పంచిపెట్టిరి. నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందును, జాతీయ సైనిక ప్రదర్శనశాలయందును ఇవి భద్రముగా ఉన్నవి.

శిల్పముగా చూచిన ఇది గొప్పపని. కండలు తిరిగిన ఆ సింహము, లొంగియు లొంగని ఆ పులి, ఇరువైపుల కూర్పు, అన్నియు నేర్పరి చేతిపని. కాని దీనిని చదువునపుడు మూడు విషయములు మనస్సును కలచివేయును.

మొదటిది, లోహభేదము. పై అధికారులకు బంగారము, తరువాతివారికి బంగారునీరు పట్టిన వెండి, తరువాత వెండి, ఆపై కంచు, సిపాయికి తగరము. అందరి పతకములపైనను బొమ్మ ఒకటే, గోడ గండి ఒకటే. గండిలో ప్రాణములకు తెగించుటలో తరతమములు లేకపోయినను, దాని గుర్తునందు తరతమములు వచ్చినవి. ఈ పతకము శౌర్యమును తూచలేదు, హోదాను తూచినది.

రెండవది, పేరు లేకపోవుట. బంగారు పతకములు వందకు కొంచె మెక్కువ. తగరపువి వేలకొలదిగా పోసిరి. వానిపై ఏ సైనికుని పేరును ముద్రింపలేదు. నేడు ప్రదర్శనశాలలో తగరపు పతకమును చూచువాడు, ఇది ఎవరిదని అడిగిన, చెప్పువారు లేరు. కోవివన్ అను కుక్క పేరు రాతిపై పదునాలుగు వందల యేండ్లు నిలిచినది. శ్రీరంగపట్టణపు గోడ నెక్కిన సిపాయి పేరు రెండు వందల యేండ్లు కూడ ఆ లోహముపై నిలువలేదు. నిలుచుటకు మొదట వ్రాసినవారే లేరు.

మూడవది, బొమ్మలోని భావము. సింహము బ్రిటను, పులి టిప్పు. మరి పతకమును ధరించిన సిపాయి ఎవరు? అతడు సింహమును కాడు, పులియును కాడు. కంపెనీ మదరాసు సేనలో తెలుగువారు చిరకాలముగా ఉండిరి. క్లైవు దొర 1756-57లో వంగదేశమునకు దక్షిణపు సిపాయిలను వెంటబెట్టుకొని పోయినది మొదలు, ఉత్తరహిందూస్థానమున ‘తిలంగా’ యను శబ్దమునకు సిపాయి యనియే అర్థమేర్పడినది. మన జాతి పేరే ఒక వృత్తి పేరయ్యెను. అదే కాలమున గుర్రంకొండ సీమ 1799 వరకు టిప్పు ఏలుబడిలో ఉండెను. కావున ఆ గోడకు రెండువైపులను మన నేలవారు ఉండియుందురని ఊహించుట అసంభావ్యము కాదు. ఆ పతకమున మాత్రము వారికి స్థానము లేదు. తనది కాని కథను తగరముపై మోసినవాడు సిపాయి.

అయితే న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఇది యుద్ధమున పాల్గొన్నందుల కిచ్చిన పతకము. విశేషశౌర్యమునకు ఏరి యిచ్చినది కాదు. కావున దీని లోపములను వీరపతకముల కెల్ల అంటగట్టరాదు.

ఆర్డర్ ఆఫ్ మెరిట్ మొదలు వీరచక్రముల వరకు

దేశీయ సైనికుని శౌర్యమును ప్రత్యేకముగా గుర్తించుటకు కంపెనీవారు 1837లో ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ అను సన్మానమును స్థాపించిరి. విక్టోరియా క్రాస్ 1856లో గాని పుట్టలేదు. అదియు 1911 వరకు భారతీయ సైనికులకు అందలేదు. ఈ సన్మానమున మూడు తరగతు లుండెను. మూడవదానిని పొందినవాడు మరియొక శౌర్యకార్యము చేసిననే రెండవదాని కెక్కును. మూడవ తరగతికి జీతమున మూడవవంతు, రెండవదానికి మూడింట రెండు వంతులు అదనముగా లభించును. మొదటిదానికి జీతము ఇబ్బడి యగును. సైనికుడు మరణించిన, ఆ అదనపు సొమ్ము భార్యకు మూడేండ్లు మాత్రము చెల్లును. ఇందు పని కలదు, కూడును కొంత కలదు. బేగూరు శాసనముతో పోల్చిన, కూడు కురుచ. అచ్చట పన్నెండు గ్రామములు. ఇచ్చట విధవకు మూడేండ్ల గడువు. కన్నడిగులు నెత్తరుగొడగె యనియు తమిళులు ఉదిరప్పట్టి యనియు పిలిచిన నెత్తురు మాన్యము, వీరుని సంతతిని నేలకు కట్టియుంచెను. నెలజీతపు లెక్క సంతతి వరకు పోలేదు.

పందొమ్మిదవ శతాబ్ది కడపటి దశకములలో మరియొక అన్యాయము జరిగినది. కొన్ని జాతులు మాత్రమే యుద్ధమునకు పనికివచ్చునన్న సిద్ధాంతము సైన్యమున ప్రబలెను. 1881 నుండి 1885 వరకు మదరాసు సేనాధిపతిగా నుండిన రాబర్ట్స్ దొర దక్షిణాది సైనికులను చులకనగా తలచి, తన అభిప్రాయమును 1897లో ప్రకటించిన ఆత్మకథలో బాహాటముగా వ్రాసెను. తెలుగువారిని చేర్చుకొనుట క్రమముగా సన్నగిల్లెను. సిపాయికి మారుపేరైన జాతి, యుద్ధమునకు పనికిరాని జాతిగా ముద్ర వేయించుకొనెను. పతకముల పట్టికలలో మన పేళ్లు పలుచగా కనబడుటకు శౌర్యలోపమే కారణమని తలచువారు ముందీ విషయమును గుర్తింపవలెను. అవకాశము లేనిచోట పతకము రాదు. పతకము లేనంతమాత్రమున వీరుడు లేడనరాదు.

ఆ సిద్ధాంతమునకు బదులు చెప్పినవారు వాదములతో చెప్పలేదు. మదరాసు సాపర్సు దళమునకు చెందిన సుబేదారు సుబ్రహ్మణ్యన్ 1944 ఫిబ్రవరి 24వ తేదీన ఇటలీలోని మిన్యానో యొద్ద, మందుపాతర ప్రేలనున్న క్షణమున దానిపై తన శరీరమును వైచి తోడివారిని కాపాడి మరణించెను. జార్జి క్రాస్ ఇచ్చిరి. ఆ పతకపు వెనుకవైపున గ్రహీత పేరు చెక్కుట విధి. తగరపు బిళ్ల నుండి ఇచ్చటికి వచ్చుసరికి పేరు మరల లోహముపై కెక్కినది. 

స్వతంత్రభారతమున పరమవీర, మహావీర, వీరచక్రములు 1950 జనవరి 26న, 1947 ఆగస్టు 15 నుండి వర్తించునట్లు స్థాపింపబడినవి. పరమవీరచక్రముపై ఇంద్రుని వజ్రాయుధము నాలుగు దిక్కుల నిలిచినది. దధీచి తన ఎముకల నిచ్చిన కథ తెలిసినవారికి ఆ గుర్తు బోధపడకపోదు. దాని లోహము కంచు. సిపాయికైనను సేనానికైనను అదే కంచు. శ్రీరంగపట్టణ పతకము చేసిన తప్పును ఇది దిద్దినది. సింహమును పులిని విడిచి, దానము చేసినవాని కథను ఎన్నుకొనుట కూడ మెచ్చదగినది.

ఆక్షేపములు

రాతిని ఇంతగా పొగడుట పూర్వకాలపు మోహమని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపమున సత్యము కొంత కలదు. శాసనము లేని వీరశిలలు పెక్కు కలవు. వానిపైని వీరులును తగరపు సిపాయివలె అనామకులే. గొడ్లను దోచుటకు పోయి చచ్చినవానికిని, కాపాడబోయి చచ్చినవానికిని ఒకే తీరున శిలలు నాటిరి. న్యాయాన్యాయముల విచారణ రాతికి తెలియదు. అంతకంటె పెద్దలోప మొకటి కలదు. వీరుడు పడిన, స్వర్గమున అప్సరసలు వింజామరలు వీతురని చెక్కిన శిల్పియే, మాస్తికల్లుపై సహగమనము చేసిన స్త్రీ చేతిని చెక్కెను. వీరత్వపు వెలను ఇల్లాలిచే ప్రాణముతో చెల్లింపజేసిన ఆచారమును మనము పొగడజాలము. మూడేండ్ల భరణము కురుచయే గాని, అది ఆమెను బ్రతుకుమన్నది.

మరియు, శిల సామాన్యముగా మృతునికే దక్కును. పతకము బ్రతికియున్నవాని ఱొమ్ముపై కూడ నిలుచును. మణలేరుని వంటివారు అరుదు. ఈ విషయమున పతకమే మేలు. రాతికున్న గొప్ప గుణము వేరొకటి: అది పడినవాని ఊరిలో, వాని పొలముగట్టున, వాని మనుమల కండ్లయెదుట నిలుచును. పతకము పెట్టెలో నుండును. పెట్టె ఇల్లు మారును. కష్టకాలమున అంగడి కెక్కును. లోహపు విలువకే తూకము వేసి కరగించిన పతకములెన్నో! రాతిని కరగించువారు లేరు. కాని దానిని మెట్టుగా వేసికొనువారు, కాలువపై పలకగా పరచువారు కలరు.

‘మనవా’రను మాట

ఇట్టి సంచికలలో వ్రాయువారికి ఒక ప్రలోభము సహజము. బేగూరు వీరుని, తగడూరు వీరుని, ఇటలీలో పడిన సుబేదారును ఏదో విధమున తెలుగువారిగా నిరూపించి సంతోషింపవలెనని మనస్సు తహతహలాడును. ఇది తగదు. బేగూరు, ఆతకూరు శాసనములు కన్నడములు. సుబ్రహ్మణ్యన్ చెంగల్పట్టు ప్రాంతపు తమిళుడు. వారిని వారి భాషలనుండి లాగివేసి మనము పొందు గౌరవము దొంగిలించిన గొడ్డువంటిది.

మరియొక ప్రక్క, హైదరాబాదునకు చెందిన కెప్టెన్ మతీన్ అహమ్మద్ అన్సారీ కలడు. హాంకాంగున జపానువారికి చిక్కి, ఎంత హింసించినను రహస్యము లియ్యక, 1943 అక్టోబరు 29న వధింపబడెను. 1946లో ఆయనకు మరణానంతరము జార్జి క్రాస్ ప్రకటించిరి. ఆయన సమాధి స్టాన్లీ సైనికశ్మశానమున ఉన్నది. ఉర్దూ మాటాడు ఇంటివాడని ఆయనను మనము లెక్కలో చేర్చకుండుటయు తగదు. పరాయివానిని మనవాడనుట ఎంత తప్పో, మననేలవానిని పరాయి యనుటయు అంతే తప్పు. వీరుని భాషను అడుగుటకు ముందు వాని పేరును, పనిని అడుగుట న్యాయము.

మనకు వీరారాధనము కొత్త కాదు. పల్నాటి కారెంపూడిలో వీరుల గుడి కలదు. పన్నెండవ శతాబ్దిలో పడినవారిని ఏటేట కార్తికమున తలచుకొని, ఆయుధములను పూజించి, ఆ కథను మరల నడపుదురు. మాలకన్నమదాసు వంటివాడు అచ్చట బ్రహ్మనాయనితో సమముగా స్మరింపబడును. అచ్చట ఆయుధము వట్టి ప్రదర్శనవస్తువు కాదు. పేరు పలుకువారున్నంత కాలము దానికి ప్రాణముండును. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణమర్పించిన సూర్యాపేట వాస్తవ్యుడు కర్నల్ సంతోష్ బాబునకు మహావీరచక్రము ప్రకటింపగా, 2021 నవంబరులో ఆయన భార్యయు తల్లియు దానిని స్వీకరించిరి. సూర్యాపేటలో ఆయన విగ్రహమును నిలిపిరి. పతకము ఇంటికి, ప్రతిమ ఊరికి. లోహము చేయలేని పనిని నేటికిని రాయియో, ప్రతిమయో చేయవలసివచ్చుచున్న దనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ముగింపు

ఇంతవరకు చేసిన విచారణచే తేలిన దేమన: వీరచిహ్నము విలువ దాని లోహమునందు లేదు, శిల్పమునందు లేదు, వయస్సునందును లేదు. అది పేరును, పనిని, కూడును ఎంతవరకు మోసినదో అంతవరకే దాని విలువ. బేగూరు శిల మూడింటిని మోసినది. శ్రీరంగపట్టణ పతకము ఒక్కదానిని కూడ మోయలేదు. తరువాతి పతకములు పేరును, పనిని మోయ నేర్చినవి.

ప్రదర్శనశాల కాపాడునది వస్తువును. పేరును కాపాడుట మన పని. 1972 నాటి పురావస్తు చట్టము నూరేండ్లు నిండిన శిల్పములను, నాణెములను పురావస్తువులుగా పరిగణించుచున్నది. కాని ఇంటి అటకమీది పతకము ఎవరిదో, పొలముగట్టుమీది రాయి ఎవరిదో చట్టము చెప్పజాలదు. అది ఇంటి ముసలివారికి తెలియును, వారితో పోవును. కావున మన సంఘముల సభ్యులు తమ ఊళ్లలోని వీరశిలలను చూచి, అవి ఉన్న చోటు, కొలతలు, అక్షరములున్న వాని ఛాయాచిత్రములు, ఊరివారు చెప్పుకొను కథ వేరువేరుగా వ్రాసి, పురావస్తుశాఖకును సంఘమునకును ఒక్కొక్క ప్రతి నిచ్చిన ఎంతయో మేలగును. ఇంటిలో సైనికుని పతక మున్నవారు దానితోపాటు వాని పేరు, దళము, ఊరు, పొందిన సందర్భము ఒక కాగితముపై వ్రాసి అదే పెట్టెలో నుంచవలెను. ఇది ధనముతో పనిలేని కార్యము. తెలిసినదానిని తెలిసినట్లు, విన్నదానిని విన్నట్లు వ్రాసిన చాలును.

తుంబలహళ్లి పేరులోని పూవు ఆ వీరపుష్పమో కాదో నాకు పట్టింపు లేదు. ఈ సీమ పొలములలో తుమ్మి ఇప్పటికిని పూచుచున్నది. దాని ప్రక్కన పసుపు పూసికొని నిలిచిన వేడియప్పన్ రాతిని చూచినవారు, నమస్కరించి ఊరకుండక, ఈ రాతిలోనివాని పేరేమని ఒక్కమారు అడిగిన, ఈ వ్యాసము సార్థకమైనట్లే తలతును.